వేళగాని వేళ పశువైద్యము



నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. పశువైద్యుడను కాను. మందులు నిర్ణయించుటకు నాకు అధికారము లేదు. అయినను ఈ విషయమున మాటలాడుమని రేడియోవారు కోరినప్పుడు నేను కాదనకపోవుటకు ఒక కారణము గలదు. నాచేతులతో నేనొక ఆవును చంపుకొంటిని. ఆ సంగతి చాలకాలము ఇంటివారికి దప్ప ఎవరికిని చెప్పియుండలేదు. అదే తప్పు నేటికిని మన కొట్టములలో జరుగుచున్నదని వినుచుండుటచేత ఇప్పుడు చెప్పుచున్నాను.

మాది కడపజిల్లా వల్లూరు. పెన్నయొడ్డున నున్న పుష్పగిరి క్షేత్రము మా మండలములోనిదే. 13వ శతాబ్దమున కాయస్థప్రభువులకు ఈ వల్లూరు రాజధానిగా నుండెను. వారిలో గంగయ సాహిణి యనునతడు కాకతి గణపతిదేవుని కొలువున గుఱ్ఱపు దళమునకు నాయకుడు. సాహిణి యనగా గుఱ్ఱములను సాకి శిక్షించు వ్యవహారమునకు అధికారి. పశువుల నెఱిగినవానికి ఆనాడు అంతటి గౌరవము. భారతకథలో మాత్రము తక్కువయా? అజ్ఞాతవాసమున నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను చూచుకొనియే గదా విరటుని కొలువులో కాలము గడపిరి. శాలిహోత్రుని పేరిట అశ్వశాస్త్రము, పాలకాప్యుని పేరిట గజశాస్త్రము మన దేశమున వెలసినవి. ఇవన్నియు పిల్లలకు చెప్పిచెప్పి నాకు కంఠస్థములు. చిక్కంతయు అక్కడనే వచ్చినది. పేర్లు తెలిసినవానికి వైద్యమును తెలియునని నేను భ్రమపడితిని.

1996వ సంవత్సరమున మా యింట కపిల యను సంకరజాతి ఆవు మూడవ ఈత ఈనెను. దూడ సుఖముగా పడెను. మాయయు వేళకు పడెను. జున్నుపాలు పొదుగునిండ నుండుటచేత మా యింటివారు చుక్క మిగులకుండ పిండి యిరుగుపొరుగులకు పంచిపెట్టిరి. మఱునాటి రాత్రి ఆవు కాళ్లు తడబడి కూలబడెను. చెవులు మంచువలె చల్లనాయెను. మెడను డొక్కమీదికి ముడుచుకొని, మోర యెండి, పిలిచినను కన్ను త్రిప్పకుండెను. సైకిలుమీద ఒక కుఱ్ఱవానిని పశువుల ఆసుపత్రికి పంపితిని. తలుపు తాళము వేసియున్నదనియు, డాక్టరుగారు పట్టణమున నుందురనియు వాడు తిరిగివచ్చి చెప్పెను.

అప్పుడు నాలోని పండితుడు మేల్కొనెను. ఇది శైత్యమని నిశ్చయించి, శొంఠి, మిరియములు, వాము, బెల్లము వేసి కషాయము కాచితిని. ఇద్దఱు తల పైకెత్తి పట్టుకొనగా వెదురుగొట్టముతో రెండుమార్లు నోట పోసితిని. ఆవు కొంచెము దగ్గెను. గొంతులో గురగుర శబ్దమాయెను. "మందు దిగుచున్నది" అని నే నంటిని. దిగుచున్న మాట నిజమే. ఎక్కడికి దిగుచున్నదో నాకు తెలియలేదు.

మఱునాడు ప్రొద్దెక్కిన పిమ్మట డాక్టరుగారు వచ్చి మెడనరమునకు సూదిమందెక్కించిరి. కొంతసేపటికి ఆవు లేచి నిలుచుండెను గూడ. మేమందఱము దండము పెట్టుకొంటిమి. కాని సాయంకాలమునకు ఎగశ్వాస పట్టెను. మూడవనాడు ప్రాణము విడిచెను. డాక్టరుగారు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యవారూ, జబ్బుతో పోలేదు. మీరు పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఇంకెప్పుడూ పడిపోయిన గొడ్డుకు నోట్లో ఏమీ పోయొద్దు" అనిరి. నేను తలవంచుకొంటినే గాని, ఊరిలో ఎవరడిగినను, "డాక్టరు వేళకు రాకపోవుటచేత పోయినది" అని చెప్పుచుంటిని. ఆయన వచ్చువఱకు ఆవు బ్రతికియే యుండెనన్న మాట నా మనస్సునకు తెలియును. ఆలస్యము ఆయనదే, హత్య నాది.

ఆ జబ్బునకు పాలజ్వరమని పేరు. పేరుపెట్టినవా రెవరోగాని జ్వరమన్నమాట దానికి చెల్లదు. ఒడలు కాలుటకు మాఱుగా చల్లబడును. ఎక్కువ పాలిచ్చు ఆవులకు, గేదెలకు, ముఖ్యముగా మూడవ ఈత మొదలు, ఈనిన మూడునాళ్లలోపల వచ్చును. రక్తములోని సున్నపుసారము, అనగా కాల్షియము, ఒక్కసారిగా పాలలోనికి పోవుటచేత కండరములు పట్టు దప్పును. గొంతు కండరమును అట్లే పట్టు దప్పును. కనుక పశువు మ్రింగలేదు. పోసినది గాలిగొట్టమునబడి ఊపిరితిత్తులలోనికి జాఱును. 1897లో డెన్మార్కు దేశపు పశువైద్యుడు ష్మిట్ పొదుగులోనికి మందునీరు పంపి ఈ జబ్బును కుదుర్చు మార్గము కనిపెట్టువఱకు పెక్కు ఆవులు దీనిచేత చచ్చెడివి. ఇప్పుడు కాల్షియమును నరమునకు మెల్లగా ఎక్కింతురు. వేగముగా నెక్కించిన గుండె ఆగును గనుక ఆ పని తెలిసినవారే చేయవలెను. ఈనిన మొదటి రెండుమూడునాళ్లు పొదుగు పూర్తిగా పిండరాదని తరువాత తెలిసికొంటిని. జున్నుమీది ఆశ కపిలకు మొదటి దెబ్బ. నా కషాయము రెండవది.

కపిల దూడ పొరుగింటి ఆవుపాలతో బ్రతికెను. దాని సంతతిలోని ఆవు 2023లో ఈని, రెండవనాటి తెల్లవాఱుజామున అదేవిధముగా కూలబడెను. అవే చల్లని చెవులు, అదే ముడుచుకొన్న మెడ. నాకు చేతులు వణకెను. మా మండలపు డాక్టరమ్మగారికి సెల్‌ఫోను చేసితిని. ఆమె మా బడిలో చదివిన పిల్ల కాదు గాని నన్ను అయ్యవారనియే పిలుచును. "అయ్యవారూ, నేను కడపలో ఉన్నా, ఏడుగంటలకంతా వస్తా. అంతవరకు గొడ్డును ప్రక్కకు ఒరగనీయొద్దు. రెండువైపులా గడ్డిమూటలు ఆనించి రొమ్ముమీద కూర్చోబెట్టండి. మీద గోనెపట్ట కప్పండి. నోట్లో నీళ్లుకూడా పోయొద్దు" అనెను.

ఆ మూడుగంటలు ఎంత దీర్ఘములో చెప్పలేను. ఊరివారు చేరిరి. ఒకడు కల్లుప్పు, ఒకడు నూనె, ఒకడు వాత పెట్టుమని చెప్పిరి. మా యింటావిడ సైతము, "ఏమండీ, ఊరికే చూస్తూ కూర్చుంటామా?" అని కంటనీరు పెట్టుకొనెను. ఊరక చూచుటయే వైద్యమన్న సంగతి ఆమెకెట్లు చెప్పుదును? పాత వెదురుగొట్టము దూలమునందే చెక్కియుండెను. దానివంక చూడకుండ కూర్చుంటిని. పడిన పశువు ప్రక్కకు బోర్లిన యెడల కడుపు ఉబ్బి గుండెను నొక్కును. కనుక మూటలను సరిచేయుచుంటిని. ఏడు కాకమునుపే డాక్టరమ్మగారు వచ్చిరి. మందు సగము ఎక్కునప్పటికి ఆవు ఒడలు జలదరించి త్రేన్చెను, పేడవేసెను. మందు ముగిసిన అరగంటకు తనంత లేచి దూడను నాకెను. చూచినవారికి మంత్రము వేసినట్లుండెను.

ఇక ఎద్దుల సంగతి. జొన్న కోసిన మోటిమీద వచ్చు చిగురును నామనుట మీరెఱిగినదే. బెట్టకు గిడసబారిన లేతజొన్నయు దానివలెనే విషము. 2022 శ్రావణమాసమున మా పొరుగు రెడ్డిగారి ఎద్దులు రెండును పలుపులు తెంచుకొని అట్టి చేనిలో బడెను. ఒకటి కడుపునిండ మేసి, గట్టెక్కకముందే రొప్పి గిలగిల కొట్టుకొని పడిపోయెను. రెడ్డిగారు ఇంటికి పరుగెత్తివచ్చులోపల ప్రాణము పోయెను. రెండవది పలుపు కంపకు చిక్కుకొని గట్టుననే నిలిచిపోవుటచేత నాలుగు కొఱకులే తినెను. ఆ యేటి మే నెలలోనే మన రాష్ట్రమున సంచార పశువైద్య వాహనములు, తొలివిడతగా 175, నియోజకవర్గమునకు ఒకటి చొప్పున వచ్చియుండెను. 1962 అను సంఖ్యకు ఫోను చేయగా వాహనము వచ్చెను. డాక్టరుగారు ఎద్దు చిగుళ్లను చూచి, ఎఱ్ఱగా మెఱయుచుండుట కనిపెట్టి, నరమునకు రెండు మందులు వెంటవెంట నిచ్చిరి. ఈ విషమునందు రక్తములో ప్రాణవాయువు నిండియున్నను శరీరము దానిని గ్రహింపజాలదట. అందుచేతనే ఆ యెఱుపు. ఎద్దు దక్కెను. రెడ్డిగారు బ్రతికినదానిని నిమురుచు చచ్చినదానిని తలచి యేడ్చిరి. జతలో నొకటి పోయిన తరువాత మిగిలినదానికి సరియీడు దొరకుట ఎంత కష్టమో రైతులగు మీకు నేను చెప్పనేల? నాము తిన్న పశువునకు విలంబము పనికిరాదు. పాలజ్వరములో గంటలున్నవి, నాములో నిమిషములే. జొన్న పూతకు వచ్చువఱకు పచ్చిగా మేపకుండుటయే దానికి మేలైన మందు. కోసి బాగుగా ఎండనిచ్చిన చొప్పలో ఆ విషము తఱుగును.

కుక్క మాట చెప్పిన నవ్వెదరేమో. మాయింట వీరుడను నాటుకుక్క యుండెడిది. ఒకనాటి వేకువన ప్రత్తిచేనికి మందుకొట్టుటకు కలిపియుంచిన బొక్కెనలో మూతిపెట్టి త్రాగివచ్చెను. నోట చొంగ ధారగా కాఱెను, ఒడలెల్ల వణకెను, కనుపాపలు ఆవగింజలంతగా చిన్నవాయెను. ప్రొద్దుటూరిలో 2008లో పశువైద్య కళాశాల యేర్పడినది గనుక అక్కడికి కొనిపోవుట మేలని తోచి ఆటో మాట్లాడితిని. ఆటోవాడు, "కుక్కకా అయ్యవారూ?" అని రెండుమార్లు అడిగెను. స్వర్గద్వారమున కుక్కను విడువనన్న ధర్మరాజు నా పాఠ్యపుస్తకములో నుండగా నేను దేనికి సిగ్గుపడవలెను? అయినను నిజము చెప్పుచున్నాను, ఊరు దాటువఱకు దానిపై తువ్వాలు కప్పితిని.

ఆ దినమున నేను చేసిన మంచిపని యొక్కటే. మందు ఖాళీసీసాను పాతగుడ్డలో చుట్టి సంచిలో వేసికొని పోతిని. అక్కడి డాక్టరు సీసామీది పేరు చదివిన మఱుక్షణమే విఱుగుడు సూది వేసెను. పేరు తెలియకున్న ఊహించుటతో ఎంత ప్రొద్దు పోయెడిదో. వీరుడు రెండునాళ్లకు లేచెను. మందు వెలకన్న ఆటో కిరాయి హెచ్చాయెను. మా అల్లుడు బయలుదేరునప్పుడు ఉప్పునీరు పోసి కక్కింతమనెను. వణకు పట్టిన జంతువును కక్కింపబోయిన, కపిలకు జరిగినదే దానికిని జరిగియుండును.

డాక్టరునకు ఫోను చేయునప్పుడు మనవారు "గొడ్డు బాగాలేదు, రండి" అని మాత్రమే చెప్పుదురు. అది చాలదు. ఊరు, వీధి, పశువు వయస్సు, ఈనినదైన ఎన్నవ ఈత, ఎన్ని దినములైనది, ఏమి మేసినది, ఎప్పటినుండి నెమరు మానినది, ఎడమడొక్క ఉబ్బినదా, ఇంతకుముందు మీరేమి పోసితిరి, ఇవి చెప్పవలెను. చివరి ప్రశ్నకు నిజము చెప్పుట కష్టము. నేను 1996లో చెప్పలేదు; "ఏమీ పోయలేదు" అంటిని. ఆవు దగ్గు వినిన తరువాతనే ఆయన గ్రహించిరి. వారు వచ్చువేళకు కొట్టములో దీపము, వేడినీరు, సబ్బు, గట్టి త్రాడు, బలముగల ఇద్దఱు మనుష్యులు సిద్ధముగా నుండవలెను. ముప్పదిమంది చూడవచ్చినవారు అక్కఱలేదు.

ఒకమాట మఱచితిని. ముసరజబ్బు మన పెద్దల కాలమున ఊళ్లకు ఊళ్లను పశుహీనములను జేసినది. టీకాల బలముచేత 2011లో అది భూమిమీద లేదని ప్రకటించిరి. గొంతువాపు, జబ్బవాపు మాత్రము ఇంకను మనవద్దనే యున్నవి. గొంతువాపు వచ్చిన పిమ్మట రాత్రికి రాత్రియే పశువు పోవచ్చును. ఏ డాక్టరును అందుకొనలేడు. తొలకరికి ముందే టీకాలు వేయుదురు. మా వీధిలో గడచినసారి టీకాలవారు వచ్చినప్పుడు పాలు తగ్గునని నలువురు తమ ఆవులను చేలకు తోలివేసిరి. వారిలో ఇద్దఱు నా శిష్యులు. ఈసారి ఆ యిండ్లకు ముందునాటి సాయంకాలమే పోవలెనని నేనును రెడ్డిగారును అనుకొనియున్నాము.