ఆల్ఫా తర్వాతి పని

 

ఈ సదస్సులో అధ్యక్షోపన్యాసానికి నాకిచ్చిన సమయాన్ని ఒక్క విషయానికే వాడుకుంటాను. మూర్తిమత్వ మాపనుల మీద వచ్చే సిద్ధాంత వ్యాసాల్లో తరచూ ఒకే బాట కనిపిస్తుంది. ఇంగ్లీషు శోధికను తెలుగు చేస్తాం. కళాశాల విద్యార్థుల చేత పూరింపజేస్తాం. క్రాన్‌బాక్ ఆల్ఫా 0.80 దాటగానే సప్రమాణత అధ్యాయం ముగిస్తాం. అసలు పని అక్కడే మొదలవుతుందని నా వాదన.

1951లో లీ క్రాన్‌బాక్ ప్రచారంలోకి తెచ్చిన ఈ గుణకం అంశాల మధ్య సహసంబంధం మీదే కాదు, అంశాల సంఖ్య మీద కూడా ఆధారపడుతుంది. సగటు సహసంబంధం 0.15 అనుకోండి. పది అంశాలుంటే ఆల్ఫా సుమారు 0.64. అంతే బలహీనమైన సంబంధంతో ముప్ఫై అంశాలు చేరిస్తే 0.84. అంశాల మధ్య పొత్తు రవ్వంత కూడా పెరగలేదు, జాబితా పొడుగైందంతే. ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి అడిగినా ఆల్ఫా పెరుగుతుంది. అవన్నీ ఒకే లక్షణాన్ని కొలుస్తున్నాయనిగానీ, ఆ లక్షణం మనం పేరుపెట్టినదేననిగానీ అది చెప్పదు.

మాపని ఏ లక్షణాన్ని కొలుస్తుందో విడిగా నిరూపించాలన్న పాఠాన్ని మన శాస్త్రం ఒక్కరోజులో నేర్వలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వుడ్‌వర్త్ సైనికుల కోసం అవును-కాదు ప్రశ్నలు కూర్చాడు. ప్రశ్నలో అడిగినదే జవాబులో దొరుకుతుందన్న నమ్మకం అందులో ఉంది. 1943లో వెలువడిన మిన్నెసోటా శోధికలో హాథవే, మెకిన్లీ ఆ నమ్మకాన్ని పక్కన పెట్టారు. రోగులూ సామాన్యులూ ఏ అంశానికి భిన్నంగా జవాబిస్తారో దాన్నే ఉంచారు. కానీ ఆ సామాన్యుల్లో అధికులు మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రికి రోగులను చూడవచ్చినవారు. వారి నుంచి వచ్చిన మానకాలనే దశాబ్దాలపాటు అందరికీ వాడారు. విస్తృత నమూనాతో కొత్త మానకాలు రావడానికి 1989 దాకా పట్టింది.

జవాబుల్లోని తేడాను బట్టి అంశాలను ఎంచే ఈ పద్ధతిని 1945లో గట్టిగా సమర్థించిన పాల్ మీల్, పదేళ్లకు క్రాన్‌బాక్‌తో కలిసి నిర్మితి సప్రమాణత మీద సుప్రసిద్ధ వ్యాసం రాశాడు. మాపని వెనుక ఒక సిద్ధాంతం ఉండాలి, ఆ సిద్ధాంతం పరీక్షకు నిలిచే అంచనాలు చెప్పాలి అన్నది దాని సారం. 1959లో క్యాంప్‌బెల్, ఫిస్క్ మరో షరతు చేర్చారు. ఒకే లక్షణాన్ని వేర్వేరు పద్ధతుల్లో కొలిస్తే ఫలితాలు కలవాలి. వేర్వేరు లక్షణాలను ఒకే పద్ధతిలో కొలిస్తే విడిపోవాలి. ఈ రెండో సగాన్ని మనం సాధారణంగా వదిలేస్తున్నాం.

అనువాదం బాగుంటే చాలనుకునేవారికి బొలీవియా చిమానే ప్రజల ఉదాహరణ ఉంది. అయిదు కారకాల శోధికను వారి భాషలోకి తెచ్చి 632 మంది పెద్దలను పరిశీలించగా, ఆ అయిదు కారకాలు తేలలేదని 2013లో ప్రచురితమైంది. అలాంటి ఫలితం మన దగ్గర వస్తే దాన్ని దాచుకోకుండా ప్రచురించే అలవాటు కావాలి.

తెలుగులో పని చేసేవారికి ప్రత్యేకమైన చిక్కులూ ఉన్నాయి. చదవడం రానివారికి అంశాన్ని మనమే వినిపిస్తాం. ‘నాకు తొందరగా కోపం రాదు’ అనగానే ఒకరు ‘అవును’ అంటారు, మరొకరు ‘రాదండీ’ అంటారు. ఇద్దరి ఉద్దేశమూ ఒకటే. ‘కాదు’ అన్నవారి ఉద్దేశం మాత్రం మళ్లీ అడిగితేగానీ తెలియదు. పైగా ఇంటికొచ్చిన మాస్టారి మాట కాదనలేని మొహమాటం ఒకటి. దానికి విరుగుడుగా వ్యతిరేకార్థక అంశాలు పెడితే మొదటి చిక్కు ముదురుతుంది.

అందువల్ల నా సూచనలు మూడు. క్షేత్రానికి వెళ్లేముందు ప్రతి అంశాన్నీ వేర్వేరు జిల్లాల, చదువుల, వయసుల వారికి వినిపించి, ఏమర్థమైందో వారి మాటల్లోనే చెప్పించుకుందాం. స్వయంనివేదనకు తోడు, ఆ వ్యక్తిని బాగా ఎరిగిన ఒకరి అంచనా కూడా తీసుకుందాం. కారక నిర్మాణం రెండు సమూహాల్లోనూ ఒకటేనని తేలకుండా పల్లెవారి సగటును పట్నంవారి సగటుతో పోల్చడం మానుకుందాం.

పర్యవేక్షకులకు ఒక మనవి. మీ విద్యార్థి ఆల్ఫా పట్టిక తెచ్చినప్పుడు, ‘ఏ ఫలితం వస్తే ఈ మాపని పనికిరాదని ఒప్పుకుంటావు?’ అని అడగండి. దానికి జవాబు రాసి ఉన్న గ్రంథానికే సంతకం పెట్టండి. ఈ సదస్సులో సమర్పించే పత్రాలను కూడా ఇదే ప్రశ్నతో పరీక్షించాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.