నీటికి దారి

(పాఠశాల వార్షికోత్సవమునందు చేసిన ఉపన్యాసము)



వరద యనగానే మనకు భయము కలుగును. కాని కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేటికి వరదయే ప్రాణము. వానకాలమున బుడమేరు, తమ్మిలేరు పొంగి వచ్చినప్పుడు సరస్సు విస్తరించును. మునిగిన గడ్డి నడుమ, లోతులేని క్రొత్తనీట చేపపిల్లలు పెరుగును. వానికొఱకు గూడబాతులు చేరును. మిగులు నీరు ఉప్పుటేటి గుండ సముద్రమును చేరును. వేసవిలో నీరు తీసి నేల బయటపడును. ఈ రాకపోకలే కొల్లేటి బ్రతుకు.

2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితా కెక్కిన యీ సరస్సులో, చేపల చెరువులకై కట్టిన గట్లు నీటిదారి నడ్డగించినవి. అడ్డుపడిన వరద పొలములమీదికి మరలినది. 2006లో ప్రభుత్వము పెక్కు గట్లను తెగగొట్టించెను.

మన బెంగుళూరు చెరువులను కలుపునవి రాజకాలువలు. బెళ్ళందూరు నీరు వర్తూరునకు, అటనుండి దక్షిణ పినాకినికి పోవలెను. ఆ దారులు ఇఱుకైనందుననే 2022లో అచ్చటి వీధులలో పడవలు తిరిగినవి.

కనుక స్థలము కొనునపుడు నీటిదారి యెచ్చటనో విచారింపుడు. పిల్లలకు చెరువు చూపునపుడు, నీరు వచ్చుదారిని, పోవుదారిని కూడ చూపుడు.