ఊరి చెరువు, సంఘం వల

పెద్దాపురం చుట్టుపక్కల పల్లెల్లో చెరువంటే పొలానికి నీరే కాదు, మత్స్యకారులకు బతుకుతెరువు కూడా. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో మత్స్య రంగాన్నీ చేర్చింది. మన రాష్ట్రంలో మత్స్యకార సహకార సంఘాలు పంచాయతీల చెరువులను లీజుకు తీసుకుంటాయి. చేపపిల్లను ఎప్పుడు వదలాలి, వల ఎప్పుడు వేయాలి అన్నది సభ్యులే తేల్చుకోవచ్చు. చేపల్లో బొచ్చె పైనీటిలో, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. మూడింటినీ కలిపి పెంచితే చెరువులోని మేతంతా అక్కరకొస్తుంది. అయితే సంఘం పేరుతో బయటి పెట్టుబడిదారు పెత్తనం చేస్తే లాభం గట్టు దాటిపోతుంది. అందుకే లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదవాలి. సన్నకన్ను వలలు మానాలి. వేసవిలో చేపకు సరిపడా నీరు మిగిలేలా రైతులతో ముందే మాట్లాడుకోవాలి. మీ సంఘం సమావేశం ఎప్పుడో కనుక్కుని వెళ్లండి.