మాట వినడం



సరిహద్దు ఊళ్లలో మనం రోజూ రెండు భాషల మధ్య మసులుతుంటాం. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం. కన్నడంలో ‘కేళు’ అంటే వినడమే కాదు, అడగడం కూడా. మన తెలుగులో ‘పిల్లవాడు మాట వింటాడు’ అన్నామంటే, చెప్పినట్టు నడుచుకుంటాడని అర్థం. తెలియనిది అడగాలి, తెలిసినది ఆచరించాలి. క్రైస్తవ విశ్వాసంలో వినడమంటే ఈ రెండూ కలిసినదే.

మార్కు సువార్త 4వ అధ్యాయంలో విత్తువాని ఉపమానం ఉంది. యేసు పడవలో కూర్చుని బోధిస్తే ఒడ్డునున్న జనమంతా విన్నారు. దారి పక్కన, రాతినేలను, ముండ్లపొదల్లో, మంచినేలను విత్తనాలు పడిన కథ అందరి చెవులకూ ఒకేలా చేరింది. తరువాత శిష్యులూ, వారితో ఉన్న మరికొందరూ ఆయన్ను ఏకాంతంగా కలిసి, ఉపమానాల సంగతి అడిగారు. వివరం దక్కింది ఆ అడిగినవాళ్లకే.

ఇక ఆచరణ. సమూయేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయంలో, రాత్రివేళ మందిరంలో పడుకున్న బాలుడు సమూయేలును దేవుడు మూడుసార్లు పిలిచాడు. ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకొని మూడుసార్లూ అతని దగ్గరికే పరుగెత్తాడు. చెవులు బాగానే పనిచేశాయి, పిలిచిందెవరో తెలియలేదు. తెలియజెప్పినవాడు ఏలీయే. నాలుగోసారి విన్న కబురు ఆ ఏలీ ఇంటిమీదికి రాబోయే తీర్పు! తెల్లవారాక చెప్పడానికి బాలుడు భయపడ్డాడు. అయినా ఏలీ అడిగితే ఏదీ దాచలేదు. ఏలీ కూడా కోపగించుకోక, దేవుని చిత్తమని ఒప్పుకున్నాడు. చేదుమాట చెప్పిన బాలుడూ విన్నాడు, దాన్ని స్వీకరించిన వృద్ధుడూ విన్నాడు.

మరి మన మాటేమిటి? పొలం గట్టు తగాదాతో పలకరింపులు మానుకున్న అన్నదమ్ములు ఒకే చర్చికి వెళతారు. క్షమాపణ మీద ప్రసంగం జరుగుతుంది. ‘పాస్టరుగారు చక్కగా చెప్పారు’ అంటూ ఇద్దరూ చెరొక దారినా ఇల్లు చేరతారు. మెచ్చుకున్నారు గాని, మాట వినలేదు. అలాంటివాణ్ణి యాకోబు పత్రిక అద్దంలో ముఖం చూసుకొని, అవతలికి వెళ్లగానే తన రూపం మరిచిపోయేవాడితో పోల్చింది.

అందుకే ఆరాధన ముగిశాక మనల్ని మనం ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇవాళ విన్నదానిలో నేను చేయవలసినది ఏది? తోచిన జవాబు కష్టమైనదే కావచ్చు. ఆ తమ్ముడు అన్న గడప తొక్కి, ‘అన్నా, బాగున్నావా?’ అని పలకరించిన రోజున, అతడు ప్రసంగం నిజంగా విన్నట్టు.