కూలిన వంతెన, నిలిచిన పాట
(పఠనమందిర సభలో ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



లండను వంతెన కూలుచున్నదను ఆంగ్ల బాలగీతమును మన పాఠశాలలలోని పసిబిడ్డలు సైతము నవ్వుచు పాడుదురు. ఆ నవ్వుల వెనుక ఒక పట్టణపు కష్టచరిత్ర గలదు. నేడు దానిని మీకు మనవిచేసెదను.

థేమ్సు నదిపై రాతివంతెన నిర్మాణము 1176లో ఆరంభమై 1209లో ముగిసెను. కమానులు పందొమ్మిది; పైన ఇండ్లు, అంగళ్లు, ఒక ప్రార్థనామందిరము. ఇరుకైన కమానుల నడుమ నీరు ఉరవడించి స్తంభముల మొదళ్లను కోయుచుండెడిది. ఎడతెగక మరమ్మతు చేయనిదే నిలువని కట్టడమది. అందులకే సుంకములును, దాతలొసగిన భూముల అద్దెలును వంతెన పేర నిధిగా నుండెడివి.

మూడవ హెన్రీ రాజు ఆ రాబడిని తన రాణియగు ఎలినారున కప్పగించెను. సొమ్ము రాణివశమాయెను, మరమ్మతు మూలబడెను. పౌరులు మొరపెట్టుకొనిరి. 1281-82 శీతకాలమున మంచుగడ్డల యొత్తిడికి ఐదు కమానులు కూలెను. పిదప నిర్వహణము మరల నగరమునకు దక్కెను. ఆ నిధియే నేటికిని లండనులో ఐదు వంతెనలను పోషించుచు, 1995 మొదలు మిగులును ధర్మకార్యములకు వెచ్చించుచున్నది.

పాట 1744 ప్రాంతమున అచ్చుపడెను. అందలి సుందరి ఎలినారు రాణియే యని కొందరు, కాదని కొందరు పండితులు వాదింతురు. నా వృత్తిధర్మము ననుసరించి చెప్పవలసినచో, పాట యొక్కటే సాక్ష్యముగా తీర్పు చెప్పరాదు. కాని దాని తర్కమును వినుడు: ఇటుక నిలువదు, ఇనుము వంగును, వెండిబంగారములతో కట్టిన దొంగలెత్తుకొనిపోదురు, కావున కావలివానిని నిలుపవలెను. వాడు నిదురించినచో? పామరుల పాట పాలకుల నడుగవలసిన ప్రశ్ననే యడిగినది.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. 2022 అక్టోబరు 30వ తేదీన గుజరాతులోని మోర్బీలో, మరమ్మతుల పిమ్మట తెరచిన నాలుగు దినములకే వ్రేలాడు వంతెన తెగి 135 మంది అసువులు బాసిరి.

సోదరులారా! మీ యూరి వంతెనను ఎవరు పరీక్షించిరి? ఎన్నడు పరీక్షించిరి? దాని పేర వసూలైన సొమ్ము దేనికి వ్యయమయ్యెను? ఈ మూడింటిని పురపాలక సంఘమును లిఖితపూర్వకముగ అడుగుడు. సమాధానము వచ్చువరకు విడువకుడు. కూలిన పిమ్మట పాట కట్టుటకు కవులు కరవుగారు. కూలకముందు లెక్క యడుగు పౌరులే కరవు.