దుబాయి ప్రయాణం మన కౌంటరు దగ్గరే మొదలవుతుంది

(గల్ఫ్ ఖాతాదారులు ఎక్కువగా ఉన్న శాఖల సిబ్బందికి కరీంనగర్‌లో ఇచ్చిన ప్రసంగ పాఠం)



పరాయి దేశంలో బతుకు, భద్రత గురించి మాట్లాడమన్నారు. మన బ్యాంకు తరఫున నాలుగేళ్లు దుబాయిలో పనిచేసిన మనిషిని కాబట్టి బుర్జ్ ఖలీఫా గురించో, బంగారం బజారు గురించో చెబుతానని ఎవరైనా వచ్చి ఉంటే ముందే మన్నించాలి. నేను ఎక్కువగా చూసిన దుబాయి వేరు. జీతాల రోజున డేరాలో మనీ ఎక్స్ఛేంజీల ముందు క్యూలు, సెలవు రోజున సోనాపూర్ క్యాంపుల్లో వరండా నిండా ఆరేసిన నీలి చొక్కాలు. ఆ క్యూల్లో నిలబడితే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ యాస వినపడేది. కొంచెం అవతల కడప, కోనసీమ వాళ్లు ఉండేవారు.

వాళ్లంతా విమానం ఎక్కే ముందు ఏదో ఒక రోజు మీ కౌంటరు దగ్గరకు వచ్చినవాళ్లే. "సార్, వీసా వచ్చింది. బంగారం మీద లోన్ కావాలె" అంటాడు. అప్రైజర్ తూకం వేసేలోపు పది, పదిహేను నిమిషాలు మన ఎదుట కూర్చుంటాడు. రెండేళ్ల తర్వాత కాన్సులేట్ నెల రోజులు తిరిగి చేయగలిగిన పని, ఆ పది నిమిషాల్లో మనం చేయగలం. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

మొదటి ప్రశ్న, "ఎంత కావాలి, ఎవరికి కడుతున్నావు?" లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము ముప్పై వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించకూడదు. మన ఎదుట ఉన్నవాడు లక్షన్నర, రెండు లక్షలు అడుగుతున్నాడంటే మిగతా డబ్బు ఎక్కడికి పోతున్నట్టు? ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మీ కంప్యూటర్‌లోనే చూసి చెప్పండి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు పేరు అందులో ఉండదు. ఆ మాట వినగానే మొహం మారుతుంది. మారనివ్వండి. ఇదంతా మన పని కాదు కదా అని ఒక మేనేజరు గారు నాతో అన్నారు. అప్పు దేనికని అడగడం మన పనే. రేపు ఆ నగలు వేలానికి వస్తే నోటీసు పంపేది కూడా మనమే కదా.

రెండోది, వీసా కాగితం చూపించమని అడగండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని చేయడం యూఏఈలో నేరం. "ముందు విజిట్ మీద పో, అక్కడ మార్పిస్తరు" అనే మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. మార్చకపోతే? గడువు దాటిన ప్రతి రోజుకూ జరిమానా యాభై దిర్హాములు. ఏడాదికి 18,250. నెలకు వెయ్యి దిర్హాముల జీతగాడికి అది పద్దెనిమిది నెలల సంపాదన. అలా కాగితాలు లేకుండా మిగిలిపోయినవాణ్ణి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయినవాడు జబ్బు చేసినా ఆస్పత్రికి పోవడానికి భయపడతాడు, జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడు. భద్రత అనే మాటకు అక్కడితో అర్థం పోతుంది.

ఈ బాధ కూలి పనివాళ్లదే అనుకోవద్దు. డిగ్రీ చదివిన పిల్లలకు థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి సరిహద్దు దాటించి, మయన్మార్‌లో సైబర్ మోసాల కేంద్రాల్లో కూర్చోబెట్టారు. 2025 మార్చిలో మన వైమానిక దళ విమానాలు థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి రెండు విడతల్లో 549 మందిని తీసుకొచ్చాయి. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడా మొదలు అదే, సరైన వర్క్ వీసా లేని ప్రయాణం.

సరే, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయనుకుందాం. ఒప్పందంలో మొత్తం జీతం ఒక్కటే చూసుకుంటారు మనవాళ్లు. బేసిక్ ఎంతో చూడమనండి. యూఏఈలో ఏడాది నిండిన ఉద్యోగికి వచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి ఇరవై ఒక్క రోజుల బేసిక్. మొత్తం 1,200 దిర్హాములై బేసిక్ 600 మాత్రమే ఉంటే, రోజుకు ఇరవై చొప్పున ఏడాదికి 420. నాలుగేళ్లకు 1,680. అదే 1,200 మొత్తం బేసిక్ అయితే 3,360. వడ్డీ లెక్కలు కట్టే మనకు ఇది నోటి లెక్క. అతనికి మాత్రం తిరిగొచ్చే రోజున కంపెనీ ఆఫీసులో తెలుస్తుంది.

పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ఒప్పుకోదు. అయినా చాలాచోట్ల పెట్టుకుంటారు. కాబట్టి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, ఈ నాలుగింటి జిరాక్సులు ఇంట్లో ఒక కవరులో ఉండాలి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అంటారు. ఫోన్ పోతే? పాస్‌పోర్టు పోతే పోలీసు రిపోర్టు తీసుకుని కాన్సులేట్‌కు వెళ్లాలి. అక్కడ పాత నంబరు చెప్పగలిగినవాడి పని తొందరగా అవుతుంది. ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లకు ఇంకొక్క మాట చెప్పాలి. అమ్మా, ఇంటి ఫోన్ నంబరు ఒకటి నోటికి వచ్చేలా నేర్చుకో అని. యజమాని ఫోన్ లాక్కున్న రోజున కాంటాక్టుల జాబితా అక్కరకు రాదు.

అత్తగారు కట్టిచ్చే మూటలో పచ్చడి, కారంపొడి, మసాలా ఉంటాయి. ఆ మసాలా కోసం విడిగా గసగసాల పొట్లం కూడా పెడతారు. గసగసాలు యూఏఈలో నిషిద్ధం, మాదకద్రవ్యాల కింద లెక్క. మన వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఉండే వస్తువు కోసం కస్టమ్స్ వాళ్ల ముందు నిలబడాల్సి వస్తుందని ఎవరికి తోస్తుంది చెప్పండి? నడుం నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు కూడా అంతే. అక్కడి ఆరోగ్య శాఖ ముందస్తు అనుమతి, డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్లకూడదు. పక్కింటివాళ్లు "మా వాడికి ఇచ్చెయ్ బిడ్డా" అని ఇచ్చే మూట మరీ ప్రమాదం. విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఎండ గురించి మనకు చెప్పేదేముంది, రామగుండంలో పుట్టినవాళ్లం అనుకుంటారు. గల్ఫ్ ఎండలో సముద్రపు ఉక్క కలుస్తుంది. చెమట ఆరదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. ఆ సంగతి తెలిసినవాడు మేస్త్రీని అడగగలడు. పోలీసులకు 999, అంబులెన్సుకు 998, అగ్నిమాపక దళానికి 997. దుబాయిలో మన ప్రభుత్వ సహాయ కేంద్రం, ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్ర, ఉచిత ఫోన్ నంబరు 800 46342. పాస్‌బుక్ కవరు లోపల అట్ట మీద ఈ నాలుగూ రాసివ్వండి.

ఫోన్ విషయంలో మనవాళ్ల అలవాట్లు అక్కడ నేరాలవుతాయి. వాట్సాప్‌లో తిట్టినా, అనుమతి లేకుండా ఎవరి ఫొటో తీసినా కేసు. క్యాంపులో తోటివాడు చనిపోతే గ్రూపులో చందాలు వేసుకోవడం మనకు ధర్మం. అనుమతి ఉన్న సంస్థలు తప్ప వ్యక్తులు చందాలు వసూలు చేయడం అక్కడ చట్టవిరుద్ధం. మనసు మంచిదే, దారి మాత్రం కాన్సులేట్ ద్వారా ఉండాలి. ఇక తన కార్డు మీద స్నేహితుడికి సిమ్ తీసివ్వడం, ఖాతా వాడుకోనివ్వడం, బ్యాంకు లోనుకు జామీను నిలబడటం, ఈ మూడూ ఎంతమంది ప్రయాణాలు ఆపాయో నేను చూశాను. అక్కడ చెక్కు బౌన్స్ అయితే ఒకప్పుడు నేరుగా క్రిమినల్ కేసు. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు చాలకపోవడం ఒక్కదానికే జైలు లేదు గానీ, ఆ చెక్కు పట్టుకుని నేరుగా వసూలు కోర్టుకు వెళ్లొచ్చు, ప్రయాణ నిషేధం తెచ్చుకోవచ్చు. ఇంట్లో పెళ్లి పెట్టుకుని విమానాశ్రయంలో ఆగిపోయినవాణ్ణి ఓదార్చడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు.

ఇప్పుడు పూర్తిగా మన పరిధిలోకి వద్దాం.

ఉద్యోగానికి వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే నడపకూడదు, ఎన్నార్వో కింద మార్చాలి. సంపాదన పంపుకోవడానికి ఎన్నారై ఖాతా, అంటే ఎన్నార్‌ఈ, తెరవాలి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇవి మీకు తెలిసినవే. ఎక్కువమంది పట్టించుకోనిది ఫోన్ నంబరు. అతను అక్కడ కొత్త సిమ్ తీసుకుంటాడు, ఇక్కడిది రీచార్జి లేక ఆగిపోతుంది. ఆగిన నంబరును కనీసం తొంభై రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు మన ఓటీపీ ఎవరికి పోతున్నట్టు? వెళ్లిన నెలలోపే అక్కడి నంబరు ఖాతాకు జతచేయించండి. యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్ నంబర్లతో ఎన్నార్‌ఈ, ఎన్నార్వో ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలు 2023లోనే వచ్చింది.

భార్యను "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో జాయింటుగా పెట్టొచ్చు. అతను బతికుండగా ఆమె డబ్బు తీయాలంటే మాత్రం పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. ఈ తేడా చెప్పకపోతే పిల్లాడి ఫీజు రోజున ఆమె మీతో పోట్లాడుతుంది, ఆమెదే న్యాయం.

మా పక్క మండలంలో ఒకామె గురించి చెప్పి తీరాలి. భర్త యూఏఈలో క్యాంపు గదిలో నిద్రలోనే పోయాడు, గుండెపోటు. వయసు ముప్పై తొమ్మిది. శవం ఇంటికి రావడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత ఆమె ఒక సంచీ పట్టుకుని శాఖకు వచ్చింది. అందులో ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంది. పదో తరగతి పాసు కానివాళ్లకు, ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకు, అది తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. పది లక్షలు వస్తాయి, కానీ ప్రమాదంలో మరణిస్తేనే. గుండెపోటుకు రావు. మరి ఏ కారణంతో పోయినా రెండు లక్షలిచ్చే జీవన్ జ్యోతి బీమా? అతను వెళ్లే ముందు మన దగ్గరే చేరాడు. రెండేళ్లు ప్రీమియం కోశాం. మూడో ఏడు మే నెలలో ఖాతాలో 436 రూపాయలు లేవు. ఎందుకు లేవంటే, నెలనెలా పంపిన డబ్బంతా అన్న ఖాతాలోకి వెళ్తోంది. సొంత ఖాతా ఖాళీ. నామినీగా ఉన్న తల్లి అప్పటికే పోయింది. అన్న మంచివాడే, దేనికీ అడ్డం రాలేదు. కానీ నాలుగేళ్ల కష్టంలో తన పేరున ఎంతుందో ఆమె ఎవరినీ అడగలేకపోయింది.

అందుకే నేను కోరేది చిన్న పని. గల్ఫ్ ఖాతాల జాబితా ఏటా ఏప్రిల్‌లో తీయండి. జీవన్ జ్యోతికి 436, సురక్షా బీమాకు 20, మొత్తం 456 రూపాయలు ఎవరి ఖాతాలో లేవో చూసి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి. ఎన్నారైలకు కూడా ఈ రెండు పథకాలూ వర్తిస్తాయి, క్లెయిము ఇక్కడ రూపాయల్లో వస్తుంది. అదే సమయంలో నామినీ ఉన్నారో లేరో సరిచూడండి. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పాత నామినీని తీసేయడానికి మొహమాటపడేవాడికి ఇది తేలిక దారి, తల్లి పక్కన భార్య పేరూ చేర్చొచ్చు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం ఇస్తున్న ఐదు లక్షల సాయం సంగతి కూడా అడిగినవాళ్లకు చెప్పండి, దరఖాస్తు కలెక్టరేట్‌లో.

తిరిగి వచ్చేసేవాళ్ల గురించి ఒక ముక్క చెప్పి ముగిస్తాను. అక్కడి బ్యాంకు లోను, క్రెడిట్ కార్డు పూర్తిగా కట్టి, బాకీ లేదని ఉత్తరం తీసుకుని, వీసా రద్దయిన కాగితం చేత్తో పట్టుకుని బయలుదేరమనండి. ఆ ఉత్తరం లేకుండా వచ్చినవాడు రెండేళ్లకు కొత్త వీసా మీద వెళ్తే అక్కడి విమానాశ్రయంలోనే ఆపే ప్రమాదం ఉంది. ఇక్కడికి వచ్చాక ఎన్నార్‌ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్చాలి, అది ఎంత ఆలస్యమైతే వడ్డీ మీద పన్ను చిక్కు అంత పెరుగుతుంది.

నా మాటలు అయ్యాయి. ఇక మీరు అడగండి. వెనక వరుసలో చెయ్యెత్తిన మేడమ్ గారు, ముందు మీరు.