దేవుడు పుచ్చుకొన్న రసీదు



తెలుగు గృహములలో అనేకులు ప్రాతఃకాలమున భగవద్గీతను పారాయణము చేయుదురు. పది గంటలకు కార్యాలయమున అడుగిడునప్పటికి ఆ గీత పూజామందిరములోనే నిలిచిపోవును. అది బోధింపబడినది ఆశ్రమములో గాదు. యుద్ధభూమిలో, కర్తవ్యము నెదుట నుంచుకొని విల్లు జారవిడిచిన యోధునికి.

ప్రభుత్వోద్యోగులకు ఈ విషయమున మిక్కిలి దగ్గరివాడు కంచెర్ల గోపన్న. ఆయన 17వ శతాబ్దమున గోల్కొండ రాజ్యములో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు పైకముతో భద్రాచలమున శ్రీరామునకు ఆలయము కట్టించెనను అభియోగముపై, 1672లో సింహాసనమెక్కిన తానీషా కాలమున, ఆయన గోల్కొండ కోటలో చెరసాల పాలయ్యెను. పన్నెండేండ్లు అచట మ్రగ్గెననియు, తుదకు రామలక్ష్మణులే మారువేషమున వచ్చి బాకీ సాంతము చెల్లించి రసీదు పుచ్చుకొనిరనియు ప్రతీతి.

ఈ కథ విని భక్తి గొప్పతనమును కొనియాడువారు పెక్కురు. రసీదును గురించి ఆలోచించువారు అరుదు. దేవుడు తలచినచో కోటగోడలు కూల్చరాదా? ప్రభువు మనసు మార్చరాదా? లెక్కలు మాపరాదా? అవేవియు చేయలేదు. ఖజానాకు రావలసినది ఖజానాకు చెల్లించెను. గోపన్న తనకై ఒక్క కాసైనను కోరలేదు, సంకల్పము పరిశుద్ధము. అయినను ప్రజల పైకము ప్రజలదే. సదుద్దేశము బాకీని రద్దు చేయజాలదని తెలుగువారి జనశ్రుతియే తీర్పు చెప్పినది.

గీత పదునెనిమిదవ అధ్యాయము త్యాగమును మూడు విధములుగా విభజించినది. ఒక వితంతువు పింఛను కాగితము బల్లపై నున్నదనుకొందము. అది తన విధి యని తెలియని అజ్ఞానముతో దానిని విడిచిపెట్టుట తామసము. పాత దస్తావేజులు వెదకుట శ్రమ యని తప్పించుకొనుట రాజసము. చేయవలసినది గనుక, మెప్పును ప్రతిఫలమును ఆశింపక, నాడే ముగించుట సాత్త్వికము. ఆమె ఎవరి బంధువో తెలిసికొన్న పిదప వేగము పెరిగినచో, అది సాత్త్వికము గాదు.

గృహమునందును ఇంతియే. పూజకు వేళయైనదని వృద్ధుడైన తండ్రి మందును మరచుట భక్తి యనిపించుకొనదు.

కావున సంధ్యాదీపము వెలిగించునప్పుడు ప్రతివారును తమ్ము తాము అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు: నేడు ఎవరికి చెల్లింపవలసినది వారికి చెల్లినదా? ఆ రసీదు చేత నున్ననాడు, దేవుని యెదుట చేతులు జోడించుటకు సంకోచ ముండదు.